చేతితో చేసిన ఆటల పెట్టె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వక్తను గాను. ముప్పదియేండ్లకు పైగా ఈ కోడుమూరులో రేడియోలు, టేపురికార్డర్లు, టీవీలు బాగుచేసి బ్రతికినవాడను. ఈ సభలో పుస్తకములను గూర్చి మాటలాడుటకు విద్వాంసులు పలువురు కలరు. పెట్టెను గూర్చి చెప్పుటకు మాత్రము నేనే మిగిలితినని కార్యవర్గమువారు తలంచిరి కాబోలు. కాదనుటకు నాకు నోరు రాలేదు.

ఈ బల్లమీద నున్నదే ఆ పెట్టె. వేపచెక్కతో చేసినది. పొడవు జానెడున్నర, వెడల్పు జానెడు, ఎత్తు నాలుగంగుళములు. దీనిని టీవీకి తగిలించినచో తెరమీద ఒక చెండు ఎగురును. ఈ మరను త్రిప్పినచో అడుగున నున్న చిన్న పలక అటునిటు జరిగి చెండును మరల పైకి కొట్టును. పట్టణములలో ఇట్టిదానిని వీడియో గేము కన్సోలందురు. 1990 తరువాత పెరిగిన పిల్లలలో కొందరు అంగళ్లలో దొరికిన పెట్టెకు క్యాసెట్టు తగిలించి మేరియో యను మీసాల మనిషిని గోడలమీద దుమికించియే యుందురు. ఆ కాలపు పెట్టెవంటిదానిని కొనక మన చేతులతోనే చేసికొంటిమి. జరిగిన కథ యిది.

బల్లపరుపు టీవీలు వచ్చిన పిమ్మట పాత టీవీలను బాగుచేయించువారు తగ్గిపోయిరి. ఇచ్చి తీసికొనిపోనివి నా అంగటిలో గుట్టగా పడియుండెను. పోయిన వేసవి సెలవులలో ఒక బాలుడు వచ్చి వానిలోని 14 అంగుళముల టీవీ నొకదానిని చూపి, "తాతా, ఇది బతుకుతాదా?" అని యడిగెను. "బతికితే మాత్రం యేం చూస్తావప్పా? దీనికి కేబులు ల్యా" అంటిని. వాడు కొంచెము ఆలోచించి, "అది మనకు చూపించేది కాదు తాతా, మనమే దానికి యేదన్నా చూపిస్తే?" అనెను.

ఆ మాట నన్ను రెండురోజులు నిద్రపోనీయలేదు. మనదేశమున పెద్దయెత్తున పల్లెలకు టీవీ వచ్చినది 1975 ఆగస్టునందు. ఉపగ్రహము ద్వారా ఏడాదిపాటు జరిగిన ఆ ప్రయోగమున ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టీవీలను పంపిరి. కోళ్లగూటికి కట్టు వలవంటి తీగవలతో పదియడుగుల గొడుగును చేసి, దానినే యాంటెన్నాగా నిలిపిరి. ఆ టీవీలను తయారుచేసినది హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ. దానికి 1967లో ప్రాణము పోసినవారు మన తెలుగువారైన అయ్యగారి సాంబశివరావుగారు. టీవీని చేయగలిగితిమి, యాంటెన్నాను చేయగలిగితిమి. కాని పల్లెలో కూర్చున్న మనిషికి నాటినుండి నేటివరకు ఒకటే పని, చూచుట. ఆ బాలుడు అడిగినది దానికి తలక్రిందులైన ప్రశ్న.

ఆ ప్రశ్న నడిగినవారిలో వాడు మొదటివాడు కాడని తరువాత చదివి తెలిసికొంటిని. రాల్ఫ్ బేర్ అను నాతడు 1922లో జర్మనీలో యూదు కుటుంబమున జన్మించి, 1938లో హిట్లరు పాలన తప్పించుకొని అమెరికా చేరెను. కర్మాగారములో కూలికి పనిచేయుచు, టపాలో వచ్చు పాఠములను చదివి రేడియోలు బాగుచేయుట నేర్చెను. మా కులమువాడే యన్నమాట, అనగా రేడియో మెకానిక్కుల కులము! 1966లో న్యూయార్కు బస్‌స్టాండులో ఒకరికొరకు ఎదురుచూచుచుండగా, ఇంటింటను ఊరక పడియున్న టీవీతో ఆట లాడింపరాదా యని ఆయనకు తోచెను. మరునాడే నాలుగు పుటలలో ఆ యూహను వ్రాసిపెట్టెను. ఇద్దరు సహచరులతో పెట్టెలపై పెట్టెలు చేసి, 1968 నాటికి ఒక మంచి నమూనాను ముగించెను. దానిలో కంప్యూటరు లేదు, ట్రాన్సిస్టర్లును డయోడ్లును మాత్రమే. పైన ఇనుప రేకు కానరాకుండ చెక్కవలె కనబడు అంటుకాగితమును అతికించిరి. అందుచేత దానికి గోధుమరంగు పెట్టె యను పేరు వచ్చెను. 1972లో మాగ్నవాక్స్ కంపెనీ దాని ననుసరించి ఒడిస్సీ యను పెట్టెను అమ్మినది. ఇండ్లలో ఆడుకొను వీడియో ఆటల పెట్టెలన్నిటికిని అదియే పెద్దది. ఆ గోధుమరంగు పెట్టె నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చెందియున్నది. ప్రపంచములోని మొదటి పెట్టెయే చేతితో చేసినదని తెలిసిన తరువాత మాకు సిగ్గు తీరినది.

ఇక మా పని. ఆర్డ్వినో యను చిన్న పలక యొకటి యున్నది. 2005లో ఇటలీదేశమున విద్యార్థులకొరకు పుట్టినది. దానివంటి నకలు పలక నాలుగైదు వందల రూపాయలకు దొరకును. దాని నడుమ నల్లని చిప్పు. కంప్యూటరులో మనము వ్రాసిన సూచనలను తీగద్వారా దానిలోనికి ఎక్కించినచో, అది వానిని మరువక చేయుచుండును. పలకనుండి రెండు తీగలు టీవీకి పోవలెను. ఒకదాని దారిలో వెయ్యి ఓముల నిరోధము, రెండవదాని దారిలో 470 ఓముల నిరోధము. గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలున్నది మొదటిది. పసుపు, ఊదా, గోధుమ పట్టీలున్నది రెండవది. అంతే!

అంత మాత్రమున బొమ్మ ఎట్లు వచ్చునని మీరడుగుదురు. మన ఊరిలో మగ్గమెరిగిన వారికి దీనిని చెప్పుట సులభము. పాత టీవీ తెరమీద బొమ్మ ఒక్కసారిగా పడదు. పేకవలె ఒక్కొక్క గీత ఎడమనుండి కుడికి నడచును. అట్టి గీతలు 625 నడచినచో ఒక బొమ్మ. సెకనుకు 25 బొమ్మలు. ఒక్క గీతకు పట్టు కాలము సెకనును పదిలక్షల ముక్కలు చేయగా వచ్చు ముక్కలలో 64. ప్రతి గీతకు ముందు మన పెట్టె, "ఇది కొత్త పేక" అని టీవీకి సంజ్ఞ చేయవలెను. ఆ సంజ్ఞ సున్న వోల్టులు. నలుపునకు వోల్టులో పదింట మూడు వంతులు, తెలుపునకు సుమారు ఒక వోల్టు. మా చిప్పునకు తెలిసినవి రెండే, సున్న, అయిదు. ఆ అయిదు వోల్టులు వెయ్యి ఓములగుండా పోయి టీవీలోని 75 ఓములను తాకినచో నలుపు వచ్చును. రెండు దారులును కలిసినచో తెలుపు వచ్చును. పదవ తరగతి పుస్తకములోని ఓమ్ సూత్రముతో కాగితముమీద లెక్క కట్టి చూచితిమి, సరిపోయినది. ఆ సూత్రమును మార్కులకొరకు కంఠస్థము చేసిన బాలుడు, "ఇది నిజంగానే పనిచేస్తాదే!" అని కేక వేసెను. నా యంగటిలో ఆనాటివరకు ఎవరును ఓమ్ గారిని అంతగా పొగడలేదు.

ఒక హెచ్చరిక. మా పెట్టెలో నున్నది అయిదు వోల్టులు, పసిపిల్లలు ముట్టినను భయము లేదు. టీవీ వెనుక మూత మాత్రము పిల్లలెవ్వరును తీయరాదు. తీగ పెరికిన తరువాతను పిక్చరుట్యూబులో వేలవోల్టులు నిలిచియుండవచ్చును. ఆ పని నేనొక్కడనే చేసితిని.

మొదటిదినమున తెరమీద బొమ్మ వచ్చినది గాని నిలువలేదు, క్రిందినుండి పైకి దొర్లుచుండెను. నేను టీవీని అనుమానించి, మరలన్నియు త్రిప్పి, ఒక సాయంకాలము వృథాచేసితిని. తప్పు టీవీది కాదు. పిల్లలు అమెరికావారు వ్రాసియుంచిన సూచనలను చూచి వ్రాసికొనిరి. ఆ దేశపు టీవీలకు 525 గీతలు, మనకు 625. సూచనలలో ఒక్క పదము మార్చగానే బొమ్మ బుద్ధిమంతునివలె నిలిచినది. ముప్పదియేండ్ల అనుభవము గలవానికన్న ముందు దానిని కనుగొన్నది నేతవారి ఇంటి అమ్మాయి యని ఒప్పుకొనుటలో నాకు నామోషీ లేదు.

రెండవ పొరపాటు పూర్తిగా నాది. పలకను భద్రపరచుటకు బిస్కెట్ల రేకుడబ్బా బాగుండునని తోచెను. పలక అడుగున సీసము అతికిన మొనలుండును. అవి రేకునకు తగిలి చిప్పు మాడినది. ఆ వాసన ఇప్పటికిని జ్ఞాపకమున్నది. పిల్లలు ఒక్కమాటయు అనలేదు, అదియే నాకు బాధ. మరియొక పలకను కర్నూలునుండి నా డబ్బుతో తెచ్చితిని.

అప్పుడు వడ్రంగి మిత్రునియొద్దకు పోతిమి. ఆయన పాత తలుపునుండి తీసిన వేపచెక్కను చూపి, "చెద పట్టదు, వంగదు, యిరవైయేండ్లు ఎండింది" అనెను. చిత్రిక పట్టగా పలక అద్దమువలె వచ్చినది. మూలలకు మేకులు కొట్టలేదు. పలకల అంచులను పండ్లవలె కోసి ఒకదానిలో నొకటి దిగగొట్టెను. లోపల నాలుగు చిన్న చెక్కపొట్లములు నిలిపి, వానిమీద పలకను బిగించెను. అడుగును తగులదు, ప్రక్కను తగులదు. ముందు ముఖమున త్రిప్పుడు మరలకు రెండు రంధ్రములు, వెనుక టీవీ తీగకొకటి, విద్యుత్తు తీగకొకటి. మరలకు బిళ్లలు నా పాత రేడియోలవే. తన తండ్రి వామనగుంటల పీటలు చేసి సంతలో అమ్మెడివాడనియు, ఆటవస్తువు చేయమని తనను అడిగినవారు ఇన్నేండ్లకు మేమేననియు చెప్పి, కూలి తీసికొనలేదు. చెక్కకు కొబ్బరినూనె పట్టించిన పని పిల్లలది. చేతిమచ్చలు ఇప్పటికిని కనబడును, చూడుడు.

నాకు మిక్కిలి యిష్టమైన ఘట్టమిక చెప్పెదను. పెట్టె సిద్ధమైనది, ఆట యేది? 1976లో అటారీ కంపెనీ ఇటుకల గోడను చెండుతో పగులగొట్టు ఆటను తెచ్చినది. పిల్లలు దానిని విని, ఇటుకలకు మారుగా మామిడిపిందెలు పెట్టుదమనిరి. పిందెను గీయుట ఎట్లు? ఆ అమ్మాయి తండ్రి మగ్గమునకు బుటా గీయు గళ్లకాగితమును తెచ్చినది. పదునారు గళ్లు అడ్డము, పదునారు నిలువు. నిండిన గడికి ఒకటి, ఖాళీ గడికి సున్న. జకార్డు అట్టలో చిల్లియున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ఈ చిప్పునకును అదే భాష. ఫ్రాన్సులో జకార్డుగారు 1804లో ఆ పనిముట్టును చేసిరి. తరువాతి తరమున ఇంగ్లండులో బాబేజిగారు తాము తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆ అట్టలనే వాడదలచిరి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన నాటినుండి ఈ సీమ నేతపనికి పేరు కెక్కినది గదా. కంప్యూటరు మనకు పరాయివస్తువని యెట్లనుకొందుము? దాని మేనమామ మన మగ్గము గుంటలోనే కూర్చున్నాడు.

లెక్క కూడ వినుడు. మా తెర అడ్డము 128 గళ్లు, నిలువు 96. మొత్తము 12,288. ఎనిమిది గళ్లకు ఒక బైటు చొప్పున 1,536 బైట్లు. చిప్పులోని పనిచేయు జ్ఞాపకశక్తి 2,048 బైట్లే. తెరకు పోను ఆటకు మిగిలినది 512. ఇంత కొంచెమా యని మేము విచారించుచుండగా, 1977లో అమ్మిన అటారీ పెట్టెకు మొత్తము 128 బైట్లే యని తెలిసినది. మేము నాలుగింతలు భాగ్యవంతులము! పిందె నొకసారి వ్రాసియుంచి, వరుసకు ఎనిమిదిసార్లు వేయించితిమి. చీరలో బుటా తిరిగివచ్చినట్లే.

ఒకనాటి సాయంకాలము ఆ తండ్రి వచ్చి తెరముందు నిలిచెను. పిల్ల చేసినదాని నేమందురోయని నేను చూచుచుంటిని. ఆయన మెచ్చుకొనలేదు. దగ్గరకు వచ్చి వ్రేలితో చూపి, "ఈ మొన మెట్లుమెట్లుగా ఉందమ్మా. ఈ గడి తీసెయ్యి, ఆ గడి పెట్టు" అనెను. ఆ అమ్మాయి రెండు అంకెలు మార్చినది. మొన వంపు తిరిగినది. ఆయన తల యూపి వెడలిపోయెను. ఆ రాత్రి నేను వారి వీథిలో పోవుచుండగా ఆ తండ్రియు కూతురును దీపముక్రింద ఒకే గళ్లకాగితముమీద వంగియుండిరి.

పెట్టెను గ్రంథాలయములో నుంచుదమనగా మాత్రము పేచీ వచ్చినది. ఒక పెద్దాయన లేచి, "పుస్తకాల గుడిలో జూదం పెట్టె యేందప్పా?" అనెను. ఆయన మాటను తేలికగా తీసివేయుటకు వీలులేదు. సెల్‌ఫోనులోని పందెపుటాటలలో ఆయన యింట పొలము డబ్బు పోయినది. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వము అట్టి పందెపుటాటలను నిషేధించుచు చట్టము సవరించుటకు కారణము ఇట్టి యిండ్ల కన్నీరే. అది పందెము కాదని నేను చెప్పగా, "నువ్వు చెప్తే చాలదు, ఆ పిల్లలు చెప్పనీ. మూత తీసి, యేది యేం చేస్తాదో నాకు తెలిసేట్టు చెప్తే ఒప్పుకుంటా" ననెను.

దసరా సెలవులలో ఈ గదిలోనే పరీక్ష జరిగినది. ఆ బాలుడు నాలుగు మరలు విప్పి మూత తీసెను. ఈ తీగ యేమి, ఆ నిరోధమేల, చెండు గోడను తాకినట్లు చిప్పునకెట్లు తెలియును? ఆయన అడిగిన ప్రశ్నలు తేలికవి కావు. "డబ్బు యెక్కడ పోతాది దీంట్లో?" అని కూడ అడిగెను. బాలుడు, "యాడికీ పోదు జేజినాయనా, దీనికి బయటికి పోయే తీగ టీవీకి ఒక్కటే" అనెను. పెద్దాయన చాలసేపు ఆ తీగను చూచెను. పిమ్మట, తన చిన్ననాట గుడి బండమీద సుద్దతో పులిమేక గీసికొని ఆడిన సంగతి చెప్పి, ఆదివారములందు రెండు గంటలు, వెనుక వసారాలో, అని షరతు పెట్టి ఒప్పుకొనెను.

అందరును మారిపోయిరని చెప్పిన అబద్ధమగును. మొదటి ఆదివారము ముప్పదిమంది వచ్చిరి. నెలతిరుగకముందే ఎనమండుగురు మిగిలిరి. తక్కినవారికి సెల్‌ఫోనులోని రంగులే నచ్చినవి. నలుపు తెలుపు పిందెలతో వానికి పోటీ యేమున్నది? కాని ఆ ఎనమండుగురిలో అయిదుగురు ఆట ఆడుటకన్న మార్చుటకే వచ్చుచున్నారు. చెండు వేగము హెచ్చించెదరు, పలకను కురుచ చేసెదరు, చెడగొట్టెదరు, మరల బాగుచేసెదరు. అడ్డమునకును నిలువునకును తేడా తెలియుటకై గ్రాఫుల పాఠమున్న లెక్కల పుస్తకమును బీరువానుండి తీయించిరి. ఆ పుస్తకము ఎంతకాలము తరువాత బయటికి వచ్చినదో గ్రంథాలయాధికారిగారి ఖాతాలో నున్నది.

ఇప్పుడు కార్యవర్గమునకు నా మనవి. పెట్టె ముఖమున రెండు రంధ్రములున్నవి గదా, బిళ్ల ఒకదానికే యున్నది. రెండవది ఇద్దరు ఎదురెదురుగా ఆడు ఆటకొరకు. దానిని అతికింపవలసినవాడు, మొదట ప్రశ్న యడిగిన ఆ బాలుడు. మాలో సీసము అతికించు చేయి వానిదే నిలుకడయైనది. దీపావళి దాటగానే వాని యింటివారు తాళము వేసి గుంటూరు వైపు సుగ్గికి పోయిరి. ప్రత్తితీత, ఆ తరువాత మిరపకోత. వర్షము లేని యేడు మన సీమలో సగము వీథులకు తాళములే గదా. పోవుచు వాడు ఇక్కడి పుస్తక మొకటి సంచిలో పెట్టుకొనిపోయెను. మూడునెలలు చందా బాకీయున్నను, పుస్తకము తిరిగిరాకున్నను పేరు కొట్టివేయవలెనని మన నిబంధన. ఈ నెలాఖరుకు వాని మూడునెలలు నిండును. ఆ చందా నేను కట్టగలను. కాని సుగ్గికి పోయిన బాలుడు వాడొక్కడు కాడు, మన ఖాతాలో వెదకినచో ఇట్టి పేర్లు మరికొన్ని తేలును. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును కలిపి పాటుపడిరి. బడికి అందనివారికి గ్రంథాలయమైన అందవలెనని గదా! సుగ్గికి పోయిన యింటి పిల్లల పేర్లను వారు తిరిగివచ్చువరకు ఖాతాలో నుంచవలసినదిగా ఈ సభాముఖమున కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.

సభ ముగిసిన పిమ్మట పెట్టెను చూడదలచినవారు దయచేయవచ్చును. మూత నాలుగు మరలతో బిగింపబడియున్నది, స్క్రూడ్రైవరు ప్రక్కనే యుంచితిని. రెండవ రంధ్రమునకు ప్రస్తుతము బెండు ముక్క పెట్టియున్నది, దానిని తీయవలదు. ఉగాదికి వచ్చెదరని వాని అవ్వ చెప్పినది. బిళ్ల నా అంగటి సొరుగులో నున్నది.